పనిచోట శక్తి పొదుపు

  

శక్తి పొదుపు అన్నమాట వినగానే మనలో పలువురకు తోచునది దీపమార్పుట, పంకా నిలుపుట. అది మంచిదే. కాని పొదుపనగా అంతియే యని తలంచినవారు, చీకటిలో చెమటోడ్చుచు కూర్చుండుటయే పొదుపని భావించి, నాలుగు దినములలో విసుగుచెంది మానివేయుదురు. నేటి ప్రసంగమున నేను మనవిచేయదలచినది కొంత వేఱు. పని మానుకొనుట పొదుపు కాదు. ఒకమారు రగిల్చిన నిప్పు, ఒకమారు త్రిప్పిన చక్రము మన చేయి దాటిపోకమునుపే, దానిచేత చేయించుకొనదగిన పనినంతను చేయించుకొనుట పొదుపు. ఈ మాటను విశదపఱచుటకు మేళ్లచెరువుకంటె తగిన ఊరు నాకు కనబడలేదు.

మేళ్లచెరువు హుజూర్‌నగరు ప్రాంతములోని ఊరు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా ఏర్పడువఱకు నల్లగొండ జిల్లాలో నుండెడిది. స్వయంభువుగా వెలసిన శంభులింగేశ్వరస్వామివలన ఆ ఊరికి పేరు వచ్చినది. మహాశివరాత్రికి అచట జరుగు జాతరయు, ఆ జాతరలో ఎడ్లచేత బండలు లాగించు పందెములును మీలో చాలమంది కన్నులార చూచినవే. ఆ నేలక్రింద సున్నపురాయి విస్తారముగా నున్నది. ఆ రాతిని ఆధారముగా జేసికొని మేళ్లచెరువులోను, చేరువనున్న దొండపాడులోను సిమెంటు కర్మాగారములు వెలసినవి. ఇట్లు ఎద్దు బలము, యంత్రబలము ఒకేచోట చూడదగిన ఊరది.

ముందుగా ఎడ్ల పందెమునే తీసికొందము. పందెపు బండకు చక్రములుండవు. ఎడ్ల బలములో అధికభాగము రాతికిని నేలకును నడుమనుండు రాపిడిని గెలుచుటకే చెల్లిపోవును. ఆ బండనే ఇరుసునకు కందెన పెట్టిన బండిపై కెక్కించినయెడల, ఆ జతయే దానిని సునాయాసముగా కోసుల దూరము కొనిపోగలదు. బరువు మారలేదు, ఎడ్లు మారలేదు. వ్యర్థముగా పోవు బలము మాత్రము తగ్గినది. పందెములో ఆ కష్టము కావలసినదే, ఎడ్ల సత్తువ తేలుట అందువలననే గదా! కాని పనిచోట అట్టి కష్టము కేవలము నష్టము. ఏ కర్మాగారములోనైనను ఏ మరలోనైనను మనము అడుగవలసిన ప్రశ్న యొక్కటి: ఇచట బండిపై పోవలసిన బరువును నేలపై ఈడ్చుచున్నామా?

ఇక సిమెంటు సంగతి. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. నేటి పద్ధతి ఇట్టిది. సున్నపురాతిని, కొంత మట్టిని, ఇనుపరాతి పాలును కలిపి మెత్తగా పొడిచేసి, ఇనుముతో జేసిన పొడవైన గొట్టమువంటి బట్టీలో కాల్చుదురు. ఆ బట్టీ కొంచెము వాలుగా నుండి మెల్లగా తిరుగుచుండును. అందులో పదార్థము 1450 డిగ్రీల సెంటిగ్రేడువఱకు వేడెక్కి గోలీలవంటి గడ్డలుగా మారును. దానికి క్లింకరని పేరు. ఆ క్లింకరును కొంచెము జిప్సముతో కలిపి విసరినచో సిమెంటగును. కాల్చుటకు బొగ్గు కావలెను. రాతిని పిండిచేయుటకును, క్లింకరును విసరుటకును, పంకాలను త్రిప్పుటకును విద్యుచ్ఛక్తి కావలెను. మీరు ఇల్లు కట్టుటకు తెచ్చుకొను 50 కిలోల బస్తా వెనుక సుమారు ఏడు కిలోల బొగ్గును, నాలుగు యూనిట్ల కరెంటును ఉన్నవని స్థూలముగా గుర్తుంచుకొనవచ్చును.

పూర్వము రాతిపొడిని నీటితో కలిపి పలుచని అడుసుగా జేసి బట్టీలోనికి పంపెడివారు. అట్లు చేసిన బాగుగా కలియునన్నది వారి ఉద్దేశము. కాని కలిపిన నీటినంతయు మరల ఆవిరిగా వెడలగొట్టుటకే నిప్పులో పెద్దపాలు ఖర్చయ్యెడిది. ఆ తడి పద్ధతిలో ఒక కిలో క్లింకరునకు 1300 నుండి 1500 కిలోకేలరీల వేడి పట్టెడిది. నేటి పొడి పద్ధతిలో 700 నుండి 750 మాత్రమే చాలును. అనగా ఆ రాయియే, ఆ సిమెంటే, సగము బొగ్గుతో! ఎవ్వరును పని మానుకొనలేదు. ఎవ్వరును చీకటిలో కూర్చుండలేదు. నీరు పోసి, ఆ నీటినే కాచి ఎగురగొట్టు వెఱ్ఱిపనిని మాత్రము మానిరి.

మిగిలిన పొదుపు ఎట్లు కుదిరినది? మన ఇండ్లలో రెండు కుండలు పట్టు పొయ్యి నెఱుగని వారుండరు. ముందు కుండ క్రింద మంట. ఆ మంట వదలిన సెగ వెనుకకు పోవుచు రెండవ కుండలోని నీళ్లను కాచును. వంటయైన తరువాత స్నానమునకు వేడినీళ్లు సిద్ధముగా నుండును. ఇందుకై మన ఇల్లాలు ఏ శాస్త్రమును చదువలేదు. కర్మాగారమున చేయునదియు ఇదియే. బట్టీప్రక్కన మిక్కిలి ఎత్తైన గోపురమువంటి కట్టడము మీరు దూరమునుండియే చూచియుందురు. అందు ఒకదానిపై నొకటిగా నాలుగైదు, ఒక్కొక్కచోట ఆరు అంతస్తుల గరాటులవంటి పాత్రలుండును. చల్లని రాతిపొడిని పైనుండి విడుతురు. బట్టీనుండి వెడలు వేడిగాలి క్రిందినుండి పైకి లేచును. తూర్పార పట్టునప్పుడు జారు గింజకు గాలి ఎదురు తగిలినట్లు, జారు పొడికి వేడిగాలి ఎదురగును. పొడి బట్టీలోనికి చేరులోపలనే కాగిపోవును. గాలి తన వేడిని అప్పగించి పైకి పోవును. అటు చివర, ఎఱ్ఱగా కాలి బయటపడు క్లింకరును చల్లార్చుటకు దానిపైకి గాలిని ఊదుదురు. ఆ గాలి వేడెక్కును. దానిని ఆకాశమునకు వదలక, తిరిగి బట్టీలో బొగ్గు మండుటకే వాడుదురు.

ఇంత చేసినను గోపురముపైనుండి పోవు గాలి యింకను రమారమి 300 డిగ్రీల వేడితో నుండును. దానిచేత నీటిని ఆవిరిచేసి, ఆ ఆవిరిచే చక్రము త్రిప్పి కరెంటు పుట్టించు ఏర్పాటును మన దేశమున అనేక సిమెంటు కర్మాగారములు చేసికొన్నవి. కర్మాగారమునకు వలయు కరెంటులో ఐదవపాలు మొదలు నాలుగవపాలువఱకు దీనివలన లభింపగలదు. ఒక్కసారి వేసిన బొగ్గు రాతిని కాల్చినది, పొడిని కాచినది, మరల దీపమును వెలిగించినది. రెండవ కుండ కాగిన తరువాత మూడవ కుండయు కాగినదన్నమాట.

మరియొక పొదుపు బూడిదలో నున్నది. థర్మల్ విద్యుత్కేంద్రములలో బొగ్గు కాలగా మిగులు సన్నని బూడిదను క్లింకరుతో కలిపి విసరినచో గట్టి సిమెంటే యగును. అట్టి సిమెంటులో 15 మొదలు 35 పాళ్లవఱకు బూడిద యుండవచ్చునని భారత ప్రమాణములు అనుమతించుచున్నవి. బూడిద ఎంత చేరునో అంత క్లింకరు కాల్చు పని తప్పును. నూఱు కిలోల సున్నపురాయి కాలునప్పుడు 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలియును. ఇది నిప్పువలన పుట్టు పొగ గాక, రాతిలోనుండి వెడలునది. క్లింకరు తగ్గిన నిప్పును తగ్గును, ఈ వాయువును తగ్గును, తవ్వవలసిన రాయియు తగ్గును.

పొదుపు చేసినవానికి లాభమేమని కొందరు అడుగవచ్చును. దీనికి పాతకథ యొకటి గలదు. ఇంగ్లండులో 1712 ప్రాంతమున న్యూకామెన్ నిర్మించిన ఆవిరియంత్రము గనులలోని నీటిని తోడుచుండెను. అందులో ఒకే గొట్టమును ప్రతిమారును వేడిచేయుట, ప్రతిమారును చల్లార్చుట జరిగెడిది. బొగ్గంతయు ఆ వేడిచల్లదనములకే ఆహుతియయ్యెడిది. జేమ్స్ వాట్ ఈ నష్టమును కనిపెట్టి, ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు ఉపాయము పన్ని, 1769లో పేటెంటు పొందెను. ఆయనయు, భాగస్వామి బోల్టనును గనుల యజమానులను అడిగిన రుసుము చిత్రమైనది. పాత యంత్రముతో పోల్చి చూచి, మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతు మాకిండు, రెండు వంతులు మీరుంచుకొనుడు అనిరి. చేసిన పొదుపే వారి జీతమయ్యెను. నేడు మనము కరెంటును కొలుచు వాట్ అను కొలత ఆయన పేరిటిదే.

పెద్దయంత్రముల మాట యిట్లుండగా, పనివాని చేతిలోనుండు చిన్నపొదుపులు తక్కువవి కావు. పంకా ఎక్కువ గాలి నిచ్చుచున్నదని గొట్టమునకు తలుపు అడ్డముపెట్టుట పాతవాడుక. అది ఎడ్లను అదలించుచు చక్రమునకు కట్టె అడ్డుపెట్టుటవంటిది. అట్లుగాక పంకా వేగమునే తగ్గింపవలెను. వేగమును పదింట రెండుపాళ్లు తగ్గించినచో, దానికి వలయు శక్తి రమారమి సగమునకు దిగునని యంత్రశాస్త్రము చెప్పుచున్నది. ఒత్తిడిచేసిన గాలిని పంపు గొట్టములో చిన్న చిల్లి పడినచో అది రాత్రింబవళ్లు బుసకొట్టుచునే యుండును. పగటి రొదలో అది వినబడదు. యంత్రములు నిలిచిన రాత్రివేళ, ప్రక్కగా నడచు పనివాని చెవికే వినబడును. గోపురపు అతుకులలో బీటలున్నచో చల్లగాలి లోనికి జొరబడి వేడిని చంపును. దానినిగూడ లాగుటకు పంకా అధికముగా శ్రమించును. ఇవి లెక్కల పుస్తకములో కనబడు నష్టములు కావు. చేరువనున్నవాడు చూడవలెను, చూచినది చెప్పవలెను, చెప్పినమాటను పైవాడు వినవలెను. పనివాని మాట విను అలవాటు లేనిచోట ఎంత ఖరీదైన యంత్రము తెచ్చినను పొదుపు నిలువదు.

మన దేశమున ఈ విషయమై చట్టముగూడ గలదు. శక్తి పరిరక్షణ చట్టము 2001లో వచ్చినది. దానిననుసరించి 2002 మార్చి 1వ తేదీన ఢిల్లీలో ఒక సంస్థ ఏర్పడినది. 2012లో సిమెంటుతోబాటు ఎనిమిది పరిశ్రమలకు ఒక ఏర్పాటును ఆరంభించిరి. పెద్ద కర్మాగారమునకు ఇంత శక్తిని తగ్గింపవలెనని గడువు పెట్టుదురు. గడువునకు మించి తగ్గించిన వారికి పత్రములు లభించును. తగ్గింపజాలని వారు ఆ పత్రములను వెలయిచ్చి కొనవలెను. అనగా పొదుపు చేయనివాడు చేసినవానికి సొమ్ము చెల్లించును. 2022లో చట్టమును సవరించి, పొగవాయువుల లెక్కకుగూడ ఇట్టి విపణిని ఏర్పఱుచుటకు దారితీసిరి. ఏటేట డిసెంబరు 14వ తేదీని శక్తి పరిరక్షణ దినముగా జరుపుచున్నారు.

ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. దొంగ పొదుపు అని ఒకటి గలదు. కర్మాగారములలో దుమ్మును పట్టియుంచుటకు సంచులతోను, విద్యుత్తుతోను పనిచేయు సాధనములుండును. వానికిని కరెంటు ఖర్చగును. వానిని నిలిపిన యూనిట్లు మిగులునన్నది నిజమే. కాని ఆ దుమ్ము మిరపతోటపైనను, పత్తిచేనిపైనను, బడిపిల్లల ఊపిరిలోను పడును. ఒకరి ఖాతాలో మిగిలినది వేఱొకరి ఖాతాలో అప్పుగా వ్రాయబడినదేకాని పొదుపు కాదు. అట్లే రోహిణీకార్తె యెండలో పనివాని పంకా నిలుపుట, చీకటిమెట్లపై దీపము తీసివేయుట, కందెన ఖర్చు మిగిల్చి యంత్రమును అరుగగొట్టుట, ఇవి యన్నియు దొంగ పొదుపులే. కర్మాగారముల చుట్టునున్న గ్రామముల పెద్దలు ఈ భేదమును తెలిసియుండుట అత్యవసరము. శక్తి పొదుపు చేయుచున్నామని యెవరైన చెప్పినప్పుడు, అది వేడిని రెండుమారులు వాడుటవలన వచ్చినదా, దుమ్ముసంచి నిలుపుటవలన వచ్చినదా యని మర్యాదగా అడుగుటకు మీకు హక్కున్నది.

పెద్ద కర్మాగారముల నిట్లు ప్రశ్నించు మనము, మన సొంత పనిచోటులను మఱువరాదు. మిర్యాలగూడ, హుజూర్‌నగరు ప్రాంతములలో బియ్యపు మరలు మెండు. ఉప్పుడు బియ్యము చేయు మరలలో ఊకను కాల్చి ఆవిరి పుట్టింతురు. ఊక మన పొలముదే గదా యని అలక్ష్యము కూడదు. ఆవిరిగొట్టమునకు పైపూత లేనిచో ఆ వేడి మరలోని పనివారిని కాల్చునేగాని వడ్లను ఉడికింపదు. గొట్టములలో చల్లారి దిగు వేడినీటిని కాలువలో వదలక మరల బాయిలరునకు పంపినచో, చన్నీటిని మొదటినుండి కాచు పని తప్పును. మిగిలిన ఊకకు నేడు వెలయున్నది.

అన్నిటికంటె విస్తారమైన పనిచోటు మన పొలము. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటలు ఉచితముగా కరెంటు ఇచ్చు ఏర్పాటు మొదలైనది. ఉచితమను మాట రైతు చెల్లించు సొమ్మునకు సంబంధించినది. బొగ్గునకుగాని బావినీటికిగాని అది వర్తింపదు. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లు. 5 అశ్వశక్తుల మోటారు నిండుబరువుతో 8 గంటలు తిరిగినచో 30 యూనిట్ల పని యగును. తన లోపలి నష్టమునకై అది మరికొంత లాగికొనును. బొగ్గుతో పుట్టిన కరెంటైనచో యూనిటునకు ఆరేడువందల గ్రాముల బొగ్గు మండవలెను. అనగా మీ మోటారు ఆ పూట ఇరువది కిలోల బొగ్గును మింగినది. బొగ్గులోని వేడిలో కరెంటుగా మారునది మూడింట ఒక్కపాలు మాత్రమే. కావున పొలముకడ ఒక యూనిటు మిగిల్చినవాడు విద్యుత్కేంద్రముకడ మూడు యూనిట్లకు సరిపడు వేడిని మిగిల్చినవాడగును. 1871లో ఇల్లెందు ప్రాంతమున విలియం కింగ్ కనుగొన్న బొగ్గును 1889 మొదలు తవ్వుచునే యున్నాము. తవ్విన గనిలో బొగ్గు తిరిగి మొలవదు.

మోటారు విషయమున చేయదగినవి సులభములు. కరెంటు వచ్చినతోడనే మోటారు తనంతట తిరుగునట్లు పెట్టు ఆటోస్టార్టరును తీసివేయవలెను. ఇరువదినాలుగు గంటల కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వము రైతులను కోరినదియు ఇదియే. రైతు నిద్రించుచుండగా తిరుగు మోటారు చేనికి నీరు పెట్టదు, బావిని ఎండగట్టును. నీరు పడు గొట్టపు మూతిని కాలువకు ఎంత దగ్గరగా దింపిన అంత మంచిది. నలుబది అడుగుల లోతునుండి తోడువాడు, గొట్టమును నేలకు నాలుగడుగులెత్తున నిలిపి ధార దుముకుచుండగా చూచి సంతోషించినచో, పదింట ఒకపాలు శక్తిని ఆ ముచ్చటకే అర్పించినవాడగును. గొట్టములో అక్కరలేని మలుపులు తగ్గింపవలెను. అడుగు వాల్వు కారుచున్నచో మార్పింపవలెను.

ఇక పంచాయతీ కచేరీ, పాఠశాల. పాత 60 వాట్ల బుడ్డిదీపమిచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమిచ్చుచున్నది. 75 వాట్ల పాత పంకాకు బదులుగా 35 వాట్లతో తిరుగు పంకాలు వచ్చినవి. కాని దీపము మార్చినంతనే సరిపోదు. వీధిదీపములు పట్టపగలు వెలుగుచున్నచో, ఎంత చిన్న దీపమైనను నష్టమే. ఆ మీటను ఉదయము ఎవరు నొక్కవలెనో పేరుపెట్టి నిర్ణయింపవలెను. అందఱి పని ఎవ్వరి పనియు కాకపోవుట మనమెఱిగినదే.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యూరి బియ్యపు మరను, బావి మోటారును, పంచాయతీ కచేరీని ఒకమారు తిరిగి చూడుడు. వేడి ఎచట వెలుపలికి పోవుచున్నది? గాలి ఎచట బుసకొట్టుచున్నది? నీరు ఎచట అక్కరలేని ఎత్తునకు ఎక్కుచున్నది? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసియుంచి, కరెంటు చీటీలను ఒక ఏడాదివఱకు దాచి పోల్చి చూడుడు. కొలువనిదే తఱుగు తెలియదు. సమీపమున కర్మాగారమున్నచో, దాని యధికారులను పిలిపించి, మీరు ఏటేట ఎంత బొగ్గు తగ్గించితిరి, ఎట్లు తగ్గించితిరి అని గ్రామసభలో అడుగుడు. బాగుగా చేసినవారు సంతోషముగా చెప్పుదురు. చెప్పుటకు వెనుకాడువారు మరుసటి యేడు చెప్పదగిన పని చేయుటకు యత్నింతురు. ఆ సున్నపురాయి మన నేలది, ఆ నీరు మన బావులది. వానితో చేయు పని ఎంత చక్కగా జరుగునో అడిగి తెలిసికొనుట పెద్దరికములోని భాగమని నా అభిప్రాయము.